సుత్తి షెడ్డు ప్రాంప్టరు

మొన్న మా ఆవిడతో కలిసి చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కొత్తగా పెట్టిన టీవీల దుకాణానికి వెళ్ళాను. గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే ఛానెల్, దేనికీ శబ్దం లేదు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని దేనిమీదో వాదించుకుంటున్నారు. ఏ సైజు మా ముందు గదిలో పడుతుందో మా ఆవిడ దుకాణం వాళ్ళతో తేల్చుకుంటుంటే నేను ఆ గోడ ముందే నిలబడిపోయాను. ఎడమ పక్కన కూర్చున్నాయన "నన్ను పూర్తి చెయ్యనివ్వండి" అని మూడోసారి అన్నాడు. కుడి పక్కాయన "మీకు సిగ్గుండాలి" అన్నాడు. కాసేపటికి గాని నాకు తెలిసి రాలేదు. నేను వాళ్ళ మాటలు వింటున్నాను అనుకుంటున్నాను గాని, చూస్తున్నాను.

ఈ విద్య నాకు అంటించిన మనిషి పోయి రెండేళ్ళయింది. పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. ముందుగా తెలియాల్సినంత దగ్గరివాణ్ణి కాను, కాకుండా నేనే చేసుకున్నాను. అది తరవాత చెబుతాను.

ఆయన పేరు రాయను. మా నాటకాల కరపత్రాల్లో లైట్లు వేసినవాడి పేరు పడేది, రంగులు పూసినవాడి పేరు పడేది, కుర్చీలు అరువిచ్చిన టెంటుహౌసు పేరు కూడా పడేది. ఆయనది మాత్రం ఏనాడూ పడలేదు. వేస్తామంటే ఒప్పుకునేవాడు కాదు. "కనపడనోని పేరెందుకు సార్? నువ్వు డైలాగు మరిస్తే జనం నిన్ను ఇడిచిపెట్టి నన్ను తిడ్తరు," అనేవాడు. బతికుండగా వద్దన్నదాన్ని ఇప్పుడు నేను పెట్టడం బాగుండదు.

మాది కంచన్‌బాగ్ దారిలో ఇనుము కాల్చి సాగగొట్టే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ. ఇప్పుడు లేదు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆయన సుత్తి షెడ్డులో పెద్ద హామర్ నడిపేవాడు. ఎర్రగా కాలిన దిమ్మె మీద ఆ యంత్రం సుత్తి పడితే, నడుమ ఒక ఆవరణ, రెండు గోడలు ఉన్నా, మా బల్లల మీద ఛాయ్ గ్లాసులు కదిలేవి. షెడ్డు లోపల చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్ళు అరవడం ఎప్పుడో మానేశారు. శబ్దం లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకునేవారు. నీళ్ళు తెమ్మన్నా, జాగ్రత్తగా ఉండమని పైలం అన్నా, ఇంట్లో లొల్లి చెప్పుకున్నా, సూపర్‌వైజరును బూతులు తిట్టుకున్నా, తెలుగైనా ఉర్దూ అయినా అంతా పెదవులతోనే. సూపర్‌వైజరుకు ఆ బూతులు ఎప్పటికీ వినపడలేదు. ఆ షెడ్డులో ఉన్న ఒకే ఒక్క సుఖం అదేనేమో.

ఫ్యాక్టరీకి ఒక రిక్రియేషన్ క్లబ్బు, దానికో హాలు, హాలుకో స్టేజీ ఉండేవి. ఎనభైల మధ్య నుంచి ఏడాదికి రెండు నాటకాలు వేసేవాళ్ళం. హీరో వేషం నాది, ఎందుకంటే నాటకాలు రాసేదీ నేనే. ఆయన ప్రాంప్టరు. ఏ నాటకంలోనైనా ప్రాంప్టరు గొంతు నటుడి కన్నా ముందే ముందు వరుసకు వినపడి జనం నవ్వుతారు. మాకు ఆ తెగులు లేదు. ఆయన పక్క తెర వెనక, వింగులో, రాతప్రతి గుండెకు ఆనించి పట్టుకుని నిలబడేవాడు. మేం మాట మరిచిపోతే అటు ఒక చూపు చూస్తే చాలు. శబ్దం ఉండదు. పెదవుల మీద వాక్యం నిలబడి ఉండేది.

సుత్తి షెడ్డులో మీసం లేని మగవాడు ఆయనొక్కడే. ఎందుకని అడిగితే, "మీసముంటే అక్షరం దాక్కుంటది," అన్నాడు. నాటకం రోజున వక్కపలుకు కూడా నోట్లో వేసేవాడు కాదు. రిహార్సల్లో మేం ఆయన మీద ఆధారపడిపోయి అటే చూస్తుంటే వేలు చూపించి, "నన్ను చూడకు, ముందుకు చూడు," అని పెదవులతో గద్దించేవాడు. ఆ మాట మాలో ఒక్కొక్కడూ రోజుకు ఇరవైసార్లు తినేవాడు.

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. ఒకసారి పోటీలో నేను ముసలి తండ్రిగా చచ్చిపోతున్నాను. చివరి మాట గుర్తు రాలేదు. వింగులోకి చూశాను. ఆయన సరిగ్గా అప్పుడే అవతలి వైపు లైట్ల మనిషికి ఏదో చెబుతున్నాడు. పెదవుల మీద ఉన్నదాన్ని ఉన్నట్టు అందుకుని, చెయ్యి పైకెత్తి, "లైటు ఆర్పెయ్యి" అని ప్రాణం విడిచాను. హాలంతా చప్పట్లు. న్యాయనిర్ణేత అయితే ఆ ఒక్క మాటలో జీవితసారమంతా ఉందన్నాడు. ఉత్తమ నటుడి కప్పు నాకిచ్చారు. బస్సులో ఆయన ఫలక్‌నుమా దాకా నవ్వుతూనే వచ్చాడు.

మా మధ్య మొదటిసారి మాట తేడా వచ్చింది నా మిల్లు నాటకం దగ్గర. ఫ్యాక్టరీలు మూతపడటం గురించి పేపర్లలో రోజూ వస్తున్న కాలం అది. దానిమీద నాటకం రాయకపోతే నేను రచయితను ఎలా అవుతాను? పని పోగొట్టుకున్న కార్మికుడు యజమానిని నిలదీసే ఘట్టం ఒకటి పెట్టాను. రెండున్నర పేజీలు ఆగకుండా మాట్లాడతాడు. కార్మికుడు నేనే. రిహార్సలయ్యాక ఆయన రాతప్రతి మూసి నా పక్కన కూర్చున్నాడు.

"సార్, ఒక మాటంట. ఏమనుకోవు కద?"

"చెప్పన్నా."

"పని పోయినోడు గిట్ల మాట్లాడడు."

"మరెలా మాట్లాడతాడు?"

"మాట్లాడడు సార్. గిన్ని మాటలొచ్చినోడైతే వాని పనెట్ల పోతది?"

నవ్వేశాను. నాటకమన్నాక జనం చప్పట్లు కొట్టే చోటు ఒకటి ఉండాలన్నా అన్నాను. నిజం చెప్పాలంటే నాకు కోపమొచ్చింది. మా నాటకాల్లో ఆయన మాట్లాడే తెలుగు నౌకరు వేషానికే ఉండేది, అదీ నవ్వించడానికి. కార్మికుడైనా సరే, హీరో అయితే మా గుంటూరు తెలుగే మాట్లాడాలి. పదేళ్ళపాటు ఆ మనిషి పెదవులు నా తెలుగును ఒక్క ఒత్తు పోకుండా పలికాయి. ఆయన తెలుగును నేనెప్పుడూ నోట్లోకి తీసుకోలేదు. సంస్కృతి, కళ అని క్లబ్బు వార్షికోత్సవాల్లో నేనిచ్చిన ఉపన్యాసాలు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకేస్తుంది.

ఆ నాటకానికి జనం సగమే వచ్చారు. అప్పటికి గల్లీ గల్లీకీ కేబుల్ వైరు వచ్చేసింది. మరుసటి ఏడు ఇంకా తగ్గారు. ఫ్యాక్టరీలో కూడా ఇద్దరు మనుషులతో నడిచే కొత్త ప్రెస్సు ఒకటి దిగింది. పెద్ద హామర్ ఒక పూట నడిస్తే రెండు పూటలు ఆగేది. మా ఛాయ్ గ్లాసులు కదలడం తగ్గిపోయింది. దేశం మారుతోందని అంటుంటే ఏమో అనుకున్నాను గాని, అది బల్ల, కుర్చీలు వేసుకుని మా నాటకాల స్టేజీ మీదికే వస్తుందనుకోలేదు.

వచ్చింది. స్వచ్ఛంద విరమణ అని దానికో మర్యాదైన పేరు. యాజమాన్యం పెట్టిన కన్సల్టెంటు ఒకాయన బయటి నుంచి వచ్చాడు. మొదటి జాబితా సుత్తి షెడ్డుది, మా ప్రాంప్టరుతో కలిపి పద్నాలుగు మంది.

జాబితాలో వాళ్ళకు పిలుపు రేపనగా ఆయన నన్ను క్యాంటీన్ వెనక్కి తీసుకుపోయాడు.

"మేనేజరు రూమ్ అద్దాల కెల్లి చూసిన సార్. మేనేజరు, కన్సల్టెంటు ఇద్దరు హిందీల మాట్లాడుకుంటున్నరు. సంతకాలు రేపే కావాల్నంట. టైమిస్తే మనోళ్ళు లేబర్ ఆఫీసుకు పోతరంట, గప్పుడు అందర్నీ వేరే షెడ్డుల పెట్టుకోవాల్సి వస్తదంట."

"నువ్వు సరిగ్గా చూశావా అన్నా?"

"నా కండ్లు ఎన్నడన్న తప్పినయా? ఒక్క వారం దొరికితే చాలు. పనులు నిలవడ్తయ్. నువ్వు గా బల్ల కాడ్నే ఉంటవ్ కద, జర సూస్కో."

"నా చేతిలో ఏముందన్నా," అన్నాను. అంతకు ముందు రోజే మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి, రెండో జాబితా ఆఫీసు వాళ్ళదేనని నవ్వుతూ చెప్పి ఉన్నాడు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మీటింగు గదికి రిపేర్లు జరుగుతున్నాయని బల్ల స్టేజీ మీద వేశారు. నడుమ కన్సల్టెంటు, అతని ఎడమ పక్కన, కాస్త వెనగ్గా, కాగితాల కట్టతో నేను. మనుషులు హాలులో బెంచీల మీద కూర్చోవాలి, పేరు పిలిస్తే మెట్లెక్కి వచ్చి బల్ల ముందు నిలబడాలి. కాగితం ఇంగ్లీషులో ఉంది. నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా అని మొదలవుతుంది. చదవగలిగినవాడు ఆ పద్నాలుగు మందిలో ఒక్కడూ లేడు.

మొదటివాడు వచ్చాడు. కన్సల్టెంటు పెన్ను అందించాడు. వాడు పెన్ను తీసుకుని, ఎందుకో కళ్ళు పక్కకు తిప్పాడు. నేనూ అటు చూశాను. వింగులో, ఎప్పుడూ నిలబడే చోటనే, ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో రాతప్రతి లేదు.

"ఇంట్ల అడిగి వారంల చెప్త. కాగితం నకలు ఇయ్యండ్రి," అన్నాడు మొదటివాడు.

కన్సల్టెంటు నచ్చజెప్పి చూశాడు. వాడు అదే మాట మళ్ళీ అన్నాడు. సరే, తరవాతివాణ్ణి పిలవమన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు ఉర్దూలో అన్నాడు, మాట మాత్రం అదే. నాలుగోవాడి దగ్గరికి వచ్చేసరికి కన్సల్టెంటు పెన్నుతో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. నాకు లోపల సంతోషంగానూ ఉంది, ఎప్పుడు బయటపడుతుందోనని భయంగానూ ఉంది. రెండింట్లో ఏది ఎక్కువంటే భయమే.

ఆరోవాడు యాదగిరి. పటకారు పట్టే మనిషి. చెయ్యెత్తి కొడితే గోడ కూలుతుంది గాని ఆఫీసు మనిషి ముందు నిలబడితే తన పేరు కూడా తడబడి చెప్పేవాడు. మెట్లెక్కిన దగ్గర్నుంచి వింగు వైపు నుంచి కళ్ళు తిప్పలేదు. కన్సల్టెంటు కూడా వీడు ఎటు చూస్తున్నాడా అని మెడ తిప్పబోయాడు. వింగులో ఉన్న ఆయనకు కంగారు పుట్టింది. పదేళ్ళ అలవాటు కొద్దీ వేలు చూపించి, పెదవులతో యాదగిరిని గద్దించాడు.

యాదగిరి కన్సల్టెంటు మొహంలోకి చూసి, చేతులు కట్టుకుని, స్పష్టంగా అన్నాడు:

"నన్ను చూడకు, ముందుకు చూడు."

హాలులో ఎవరో ఫక్కుమన్నారు. తరవాత ఎవరూ నవ్వలేదు. కన్సల్టెంటు పూర్తిగా వెనక్కి తిరిగి చూశాడు. తెర కదిలింది.

"కౌన్ హై వహా?" అని నన్నడిగాడు.

తెలియదు అనొచ్చు. స్టేజీ సామాన్లు సర్దేవాడు అనొచ్చు. ఇరవై నాటకాలు రాసినవాణ్ణి, అబద్ధమాడటం రానివాణ్ణి కాదు. కాని భయపడ్డవాడి నోటికి ముందుగా నిజమే వస్తుంది.

"మా ప్రాంప్టరు సార్," అన్నాను.

ఆయన బయటికి వచ్చాడు. అన్నేళ్ళలో ఆయన్ని స్టేజీ మధ్యలో చూడటం నాకదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు. కన్సల్టెంటు కోప్పడలేదు. తాపీగా హిందీలో చెప్పాడు. పనికి అడ్డం పడ్డందుకు విచారణ పెడతాననీ, నీకూ ఈ యాదగిరికీ చేతిలో ఏమీ పెట్టకుండా ఇంటికి పంపిస్తాననీ, లేదంటే ఇప్పుడే మర్యాదగా సంతకం పెట్టమనీ.

ఆయన నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు తెలుసు. వంద సార్లు నేను ఆయన వైపు చూసిన చూపే. కావలసిన మాట కూడా నాకు తెలుసు. యూనియన్ వాళ్ళు లేకుండా మాట్లాడను. అంతే. ఆ మాటంటే విచారణ అక్కడికక్కడ ఆగుతుంది, ఆఫీసులో ఉన్నవాణ్ణి కాబట్టి నాకా రూలు తెలుసు, ఆయనకు తెలియదు. గొంతెత్తనక్కర్లేదు. పెదవులు కదిపితే చాలు. కన్సల్టెంటు నా ముందు కూర్చుని ఆయన్నే చూస్తున్నాడు, నా మొహం అతనికి కనపడదు కూడా. నాకు ఏ ప్రమాదమూ లేదు.

నేను తల దించుకుని కాగితాల అంచులు సరిచేశాను.

చివరికి ఆయన గొంతే వినపడింది.

"సాబ్, మిగిలిన పదముగ్గురికి వారం టైమిస్తనని కాగితం మీద రాసియ్యండ్రి. యాదగిరిని ఏమనొద్దు. నేను పెడ్త సంతకం."

కన్సల్టెంటు ఒక్క క్షణం ఆలోచించి, రాయమని నాకు సైగ చేశాడు. రాశాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు. ఆయన ఆ కాగితం చేత్తో పట్టుకుని చూసి, యాదగిరికి ఇచ్చి, వంగి సంతకం చేశాడు. వింగులోంచి వెళ్ళలేదు. జనం ముందున్న మెట్లు దిగి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పదముగ్గురికీ వారం దొరికింది. యూనియన్ వాళ్ళు లేబర్ ఆఫీసుకు వెళ్ళారు. ఇద్దరు తప్ప అందరినీ వేరే షెడ్డులో పెట్టుకోక తప్పలేదు. యాదగిరి ఫ్యాక్టరీ మూతపడే దాకా పని చేశాడు. నా పేరుండాల్సిన రెండో జాబితా రాలేదు. మరుసటి ఏడు నన్ను సీనియర్ గుమాస్తాను చేశారు. నాటకాలు ఆగిపోయాయి. ప్రాంప్టరు లేక ఆగిపోయాయని అందరితో పాటు నేనూ చెప్పుకున్నాను. ప్రాంప్టరు దొరక్కపోడు. నాకు ఆ స్టేజీ ఎక్కబుద్ధి కాలేదు. హాలును కొన్నాళ్ళు చీరల ఎగ్జిబిషన్లకు అద్దెకిచ్చారు.

ఆయన ఇంటికి వెళ్ళడానికి నాకు ఏళ్ళు పట్టింది. మా ఫ్యాక్టరీ కూడా మూతపడ్డాక, ఒక మధ్యాహ్నం ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో వెతుక్కుంటూ వెళ్ళాను. ఒకటే గది. గుమ్మం పక్కన మిషను మీద ఆయన భార్య జాకెట్లు కుడుతోంది. ఆయన రేకు బీరువాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో పనిచేసి, సుత్తి షెడ్డులో పోగా మిగిలిన వినికిడి కూడా అక్కడే పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సార్! ఎన్నేండ్లాయె! నెత్తి గింత తెల్లగైందేంది?"

మీసం ఇంకా పెంచలేదు. నేను ఎదురుగా కూర్చుని మాట్లాడితే ప్రతి మాటా అందుకుంటున్నాడు. నాటకాలు వేస్తున్నావా అని అడిగాడు. లేదన్నాను. యాదగిరి బిడ్డ పెళ్ళి గురించి చెప్పాడు. తన గురించి అడిగితే, "నాకేం ఫికర్ సార్, మస్తుగున్న," అన్నాడు. ఆవిడ నాకు ఛాయ్ ఇచ్చింది. మీరెవరని అడగలేదు. మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నేను చెప్పడానికి వెళ్ళింది ఒక్కటే. అది ఆ మొహంలోకి చూస్తూ చెప్పలేకపోయాను. రెండుసార్లు నోరు తెరిచి, వేరే ఏదో మాట్లాడాను. ఇంతలో ఆయన, "నీ నాటకాలన్నీ దాచిపెట్టిన, సూపిస్త ఆగు," అని లేచి అటు తిరిగి, మూల ఉన్న ఇనప పెట్టె తెరిచి వెతకసాగాడు.

ఆ వీపుకు చెప్పాను.

"అన్నా, ఆ రోజు నువ్వు నా వైపు చూశావు. నాకు మాట తెలుసు. తెలిసే చెప్పలేదు. నీ పని నా వల్లే పోయింది. నన్ను క్షమించు."

మిషను ఆగిపోయింది.

ఆయన రాతప్రతుల కట్ట పట్టుకుని ఇటు తిరిగాడు. నా మొహం చూశాడు, ఏదో జరిగిందని అర్థమైనట్టుంది. భార్య వైపు తిరిగి, "ఏమంటుండు?" అని అడిగాడు.

ఆవిడ నన్ను చూసింది. తరవాత భర్త వైపు తిరిగి, శబ్దం లేకుండా, నిదానంగా పెదవులు కదిపింది. ఒక్క అక్షరం పోకుండా నేనూ చదివాను.

"పొద్దుపోయిందంట. పోయొస్తనంటుండు."

"గప్పుడేనా?" అన్నాడు ఆయన నొచ్చుకుంటూ. "సరే సార్, పైలంగ పో. మల్లొకపారి పురసత్‌గ రా."

నేను లేచి చెప్పులేసుకున్నాను. గల్లీలో మూడు గంటల ఎండ మాడిపోతోంది.